ఒకటే స్టార్, రెండు వైపులు: ఆర్గ్యుమెంట్ల లొల్లి గురించి

(నల్గొండలో డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం ఇది. బోర్డు మీద రాసిన కోడ్‌ను చదువుకోవడానికి వీలుగా మాటల మధ్యలోనే కలిపాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఉన్న సార్లకు, మేడమ్‌లకు, మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

ఇవాళ ఒక చిన్న గుర్తు గురించి మాట్లాడతాను. పైథాన్‌లో ఫంక్షన్ రాసేటప్పుడు పేరు ముందు పెట్టే స్టార్. దాన్ని చూడగానే ఒకరు స్టార్ ఆర్గ్స్ అంటారు, ఒకరు వార్‌ఆర్గ్స్ అంటారు, రూబీ నుంచి వచ్చినవాళ్లు స్ప్లాట్ అంటారు. దాని పక్కనే ఇంకో తగాదా ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. బ్రాకెట్లో ఉండేవాటిని పారామీటర్లు అనాలా, ఆర్గ్యుమెంట్లు అనాలా? పైథాన్ వాళ్లు ఎక్కడ నలుగురు కలిసినా ఈ లొల్లి ఒక్కసారైనా వస్తుంది. "పేరులో ఏముంది, కోడ్ నడిస్తే చాలు" అని చాలామంది లేచిపోతారు. నేను లేచిపోయేవాణ్ని కాదు. ఈ లొల్లిలో సగం నిజంగానే వదిలేయొచ్చు. మిగతా సగం వదిలేస్తే లెక్క తప్పుతుంది. ఏ సగం ఏదో కోడ్‌తోనే చూపిస్తాను.

మన జిల్లాలో వడ్ల కొనుగోలు ఎట్లా జరుగుతుందో మీలో చాలామంది ఇళ్లల్లో తెలుసు. ఐకేపీ కేంద్రం దగ్గర బస్తాలు కాంటా పెడతారు, తరుగు తీస్తారు, మిగిలిన బరువుకు లెక్క కడతారు. ఇవాళ ఒక రైతు మూడు బస్తాలు తెస్తాడు, రేపు ఇంకొకరు మూడు వందలు తెస్తారు. ఎన్ని వస్తాయో ముందే తెలియదు. అందుకని ఫంక్షన్ ఇట్లా రాస్తాం:

డెఫ్ తూకం(*బస్తాలు, తరుగు=0):
    రిటర్న్ సమ్(బస్తాలు) - తరుగు

మీరు కంప్యూటర్లో కొట్టేటప్పుడు డెఫ్, రిటర్న్, సమ్ ఈ మూడూ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. తూకం, బస్తాలు, తరుగు మాత్రం ఇట్లాగే తెలుగులో పెట్టుకోవచ్చు. 2008లో వచ్చిన పైథాన్ 3.0 నుంచి ఈ సౌకర్యం ఉంది, దాని వెనక ఉన్నది పెప్ 3131. పెప్ అంటే పైథాన్‌లో ఏదైనా మార్పు కావాలంటే రాసే ప్రతిపాదన పత్రం. మన పేర్లతో నేర్చుకుంటే పిల్లలకు ఏది పైథాన్ మాటో, ఏది మనం పెట్టుకున్న మాటో వెంటనే తెలిసిపోతుంది. ఒక స్టార్, రెండు స్టార్ల పక్కన అలవాటుగా రాసే ఆర్గ్స్, క్వార్గ్స్ అనేవి పైథాన్ మాటలే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాదు. అవి వాడుక వల్ల నిలిచిన పేర్లు, అంతే. పైథాన్ చూసేది స్టార్‌ను.

ఇప్పుడు తూకం(40, 41, 40) అని పిలిస్తే 121 వస్తుంది. లోపల బస్తాలు అనేది మూడు అంకెలున్న టపుల్, అంటే విలువలను వరుసగా కట్టిపెట్టిన మూట. ఏమీ ఇవ్వకుండా తూకం() అంటే ఖాళీ టపుల్ వస్తుంది, జవాబు 0.

ఇది మామూలు విషయంలాగా కనిపిస్తుంది గానీ, సీ భాష చదివినవాళ్లు ఒక్కసారి ప్రింట్‌ఎఫ్ గుర్తుకు తెచ్చుకోండి. ప్రింట్‌ఎఫ్ కూడా ఎన్ని విలువలైనా తీసుకుంటుంది. కానీ ఎన్ని వచ్చాయో దానికి సొంతంగా తెలియదు. మీరు రాసిన ఫార్మాట్ స్ట్రింగ్‌లో పర్సంట్ గుర్తులు ఎన్ని ఉన్నాయో చూసుకుని, అన్ని విలువలు ఉన్నాయని నమ్మి చదువుకుంటూ పోతుంది. మూడు పర్సంట్-డీలు రాసి రెండే అంకెలు ఇస్తే, మూడోది ఎక్కడిదో చెత్త తెచ్చి చూపించే ప్రమాదం ఉంది. పైథాన్‌లో ఆ నమ్మకాల పని లేదు. వచ్చినవన్నీ టపుల్‌లో పడతాయి, టపుల్‌కు దాని పొడవు తెలుసు.

ఇప్పుడు అసలు మెలిక. రైతు తెచ్చిన బస్తాల బరువులు ముందే ఒక లిస్టులో ఉన్నాయనుకోండి. బండి = [40, 41, 40]. దాన్ని తూకం(బండి) అని ఇస్తే ఏమవుతుంది? టైప్ ఎర్రర్ వస్తుంది. ఎందుకంటే టపుల్‌లో ఒకటే వస్తువు పడింది, ఆ వస్తువు ఒక లిస్టు. అంకెకు లిస్టును కలపలేనని సమ్ మొరాయిస్తుంది. తూకం(*బండి) అని రాయాలి. అప్పుడు లిస్టులోని మూడు అంకెలూ విడివిడిగా వెళ్తాయి, 121 వస్తుంది.

బోర్డు మీద రెండు లైన్లూ చూడండి. డెఫ్ లైన్లోనూ స్టార్ ఉంది, పిలిచే లైన్లోనూ స్టార్ ఉంది. గుర్తు ఒకటే. పనులు మాత్రం తలకిందులు. డెఫ్‌లో ఉన్నది విడివిడిగా వచ్చినవాటిని పోగేస్తుంది. పిలిచేచోట ఉన్నది పోగు పడి ఉన్నదాన్ని విడదీసి ఇస్తుంది. రెండింటినీ కలిపి స్టార్ ఆర్గ్స్ అనేస్తే, చెప్పేవాడికి అర్థమైనా వినేవాడికి ఏది చెబుతున్నారో తెలియదు. జావాస్క్రిప్ట్‌లో కూడా మూడు చుక్కల గుర్తు ఒకటే, 2015లో వచ్చింది. వాళ్లు మాత్రం డెఫినిషన్ వైపు దానికి రెస్ట్ అని, పిలిచే వైపు దానికి స్ప్రెడ్ అని వేరువేరు పేర్లు పెట్టుకున్నారు. మంచి పని చేశారు. పైథాన్ అధికారిక పాఠంలో డెఫ్ వైపు సంగతి ఆర్బిట్రరీ ఆర్గ్యుమెంట్ లిస్ట్స్ అనే శీర్షిక కింద ఉంటుంది, పిలిచే వైపు సంగతి అన్‌ప్యాకింగ్ ఆర్గ్యుమెంట్ లిస్ట్స్ కింద ఉంటుంది. పిలిచే వైపుకు అన్‌ప్యాకింగ్ అనే పేరు బాగానే స్థిరపడింది. డెఫ్ వైపుకు అంత గట్టి పేరు రాలేదు. ప్యాకింగ్ అంటారు కొందరు, గ్యాదర్ అంటారు కొందరు, వేరియాడిక్ అంటారు ఇంకొందరు. ఈ మూడింట్లో ఏదైనా సరే. ఇది వదిలేయొచ్చని నేను చెప్పిన సగంలోది.

పారామీటరా, ఆర్గ్యుమెంటా అన్నది అట్లా వదిలేసేది కాదు.

పైథాన్ పదకోశంలో రెండూ వేరువేరుగానే ఉన్నాయి. ఫంక్షన్ రాసేచోట కనిపించే పేరు పారామీటర్. పిలిచేటప్పుడు ఇచ్చే విలువ ఆర్గ్యుమెంట్. నల్గొండ నుంచి హైదరాబాద్ పోయే బస్సులో 12వ నంబర్ సీటు ఉంటుంది. అది పారామీటర్. ఇవాళ అందులో కూర్చున్న మనిషి ఆర్గ్యుమెంట్. సీటు నంబర్ బస్సు కట్టినప్పుడే రాసిపెట్టి ఉంటుంది, మనిషి ప్రతి ట్రిప్పుకూ మారతాడు.

ఇది తెలిశాక ఎర్రర్ మెసేజ్‌లు వేరేగా కనిపిస్తాయి. డెఫ్ రసీదు(రైతు, బరువు) అని రాసి, రసీదు("యాదయ్య") అని పిలిస్తే పైథాన్ ఏమంటుంది? ఒక పొజిషనల్ ఆర్గ్యుమెంట్ (పేరు లేకుండా వరుసను బట్టి ఇచ్చేది) రాలేదు, 'బరువు' అంటుంది. దీన్ని చూపించి "చూశారా, బరువు పారామీటర్ కదా, పైథానే ఆర్గ్యుమెంట్ అంటోంది, ఇక తేడా ఎక్కడుంది" అని వాదించేవాళ్లున్నారు. నిదానంగా చదవండి. రానిది ఎవరు? ఆర్గ్యుమెంట్. ఏ సీటు మనిషి రాలేదు? బరువు అనే సీటు మనిషి. కండక్టర్ కూడా 12వ నంబర్ ప్యాసింజర్ రాలేదనే అంటాడు. మెసేజ్ సరిగ్గానే ఉంది.

అయితే పైథాన్ ప్రతిచోటా ఇంత పద్ధతిగా ఉండదు, అది కూడా ఒప్పుకోవాలి. రసీదు("యాదయ్య", రైతు="మల్లమ్మ") అని పిలిస్తే, 'రైతు' అనే ఆర్గ్యుమెంట్‌కు ఒకటి కంటే ఎక్కువ విలువలు వచ్చాయంటుంది. ఇక్కడ ఒకే సీటుకు ఇద్దరొచ్చారు కాబట్టి పారామీటర్ అనడమే న్యాయం. పెప్‌ల శీర్షికలే చూడండి. 3.0తో వచ్చిన పెప్ 3102 పేరు కీవర్డ్-ఓన్లీ ఆర్గ్యుమెంట్స్. 2019లో 3.8తో వచ్చిన పెప్ 570 పేరు పైథాన్ పొజిషనల్-ఓన్లీ పారామీటర్స్. రెండూ డెఫ్ లైన్ సంగతులే. ఒకదాంట్లో ఆర్గ్యుమెంట్స్, ఇంకోదాంట్లో పారామీటర్స్. పైథాన్ మీ కోడ్‌ను చదివి లోపల కట్టుకునే ఏఎస్‌టీ అనే చెట్టులోనైతే, డెఫ్ లైన్లోని పారామీటర్లన్నీ ఉండే నోడ్ పేరే ఆర్గ్యుమెంట్స్. అదే భాషలో 2012 నాటి 3.3 నుంచి ఉన్న సిగ్నేచర్ సదుపాయం మాత్రం చక్కగా విడదీసింది. సీట్లకు పారామీటర్ అనే క్లాసు, వచ్చి కూర్చున్న విలువలకు బౌండ్ ఆర్గ్యుమెంట్స్ అనే క్లాసు. మన స్టార్ పారామీటర్‌ను అది వార్ పొజిషనల్ అంటుంది, రెండు స్టార్లదాన్ని వార్ కీవర్డ్ అంటుంది.

నాకు తెలిసిన ఒక అమ్మాయి ఒక కంపెనీ ఇంటర్వ్యూలో పారామీటర్ అనాల్సిన చోట ఆర్గ్యుమెంట్ అన్నదని తీసిపక్కన పెట్టారు. ఇది అన్యాయం. భాషను తయారుచేసినవాళ్లే అటూ ఇటూ వాడిన మాట అది. మాట జారినందుకు మార్కులు తీయకూడదు. తేడా తెలుసా లేదా అన్నది ఇంకో ప్రశ్న వేసి తెలుసుకోవాలి.

ఆ ప్రశ్న ఏమిటో చెబుతాను. డెఫ్ కిరాయి(దూరం, రేటు=30). ఇందులో కీవర్డ్ ఆర్గ్యుమెంట్ ఏది?

(సభలోంచి: "రేటు సార్.")

అందరూ అదే అంటారు. అమీర్‌పేట కోచింగ్ నోట్సుల్లో కూడా చాలాచోట్ల అట్లాగే రాసి ఉంటుంది. కానీ ఆ లైన్లో కీవర్డ్ ఆర్గ్యుమెంట్ లేనే లేదు. రేటు అనేది డిఫాల్ట్ విలువ ఉన్న పారామీటర్. కీవర్డ్ అనేది పిలిచేచోట పుట్టే సంగతి. కిరాయి(దూరం=12) అంటే దూరానికి డిఫాల్ట్ లేకపోయినా అది కీవర్డ్ ఆర్గ్యుమెంట్. కిరాయి(12, 40) అంటే రేటుకు డిఫాల్ట్ ఉన్నా 40 పొజిషనల్ ఆర్గ్యుమెంట్. స్టార్‌కు జరిగినట్టే ఈక్వల్ గుర్తుకూ జరిగింది. డెఫ్ వైపు ఉంటే, ఎవరూ రాకపోతే ఏం వాడాలో చెబుతుంది. పిలిచే వైపు ఉంటే, ఈ విలువ ఏ పేరుకు పోవాలో చెబుతుంది. గుర్తు ఒకటే, వైపు వేరు. నా దృష్టిలో ఈ మొత్తం లొల్లిలో పట్టుకోవాల్సింది ఇదొక్కటే: మాట ఏదైనా పెట్టుకోండి, మీరు ఏ వైపు నిలబడి మాట్లాడుతున్నారో వినేవాడికి తెలియాలి.

తెలియకపోతే ఏమవుతుందో ఇప్పుడు చూడండి. తూకం ఫంక్షన్ దగ్గరికి మళ్లీ వద్దాం. మూడు బస్తాలు, రెండు కిలోల తరుగు. ఒకతను ఇట్లా పిలిచాడు: తూకం(40, 41, 40, 2). చివరిది తరుగు కదా, డెఫ్ లైన్లో చివర ఉన్నదదే కదా అనుకున్నాడు. జవాబు ఎంత రావాలి? 121 లోంచి 2 తీస్తే 119. ఎంత వచ్చింది? 123. ఎర్రర్ లేదు, ఎర్ర అక్షరాలు లేవు, ప్రోగ్రామ్ హాయిగా నడిచింది. స్టార్ ఎదురుగా ఏ అంకె వచ్చినా పోగేసుకుంటుంది. దానికి ఆ 2 కూడా ఒక బస్తానే, రెండు కిలోల బస్తా. స్టార్ తర్వాత ఉన్న తరుగుకు వరుసలో ఏదీ చేరదు. పేరు పెట్టి తూకం(40, 41, 40, తరుగు=2) అంటేనే చేరుతుంది. దీన్నే కీవర్డ్-ఓన్లీ అంటారు. తరుగుకు డిఫాల్ట్ ఉంది కాబట్టి అది కీవర్డ్ ఆర్గ్యుమెంటేలే అని నోట్సులో చదివినవాడికి ఈ తప్పు ఎప్పటికీ కనపడదు, ఎందుకంటే వాడి దృష్టిలో తరుగు అప్పటికే కీవర్డ్ అయిపోయింది. తరుగు మీద మన దగ్గర రైతులు రోడ్డెక్కిన సందర్భాలు ఉన్నాయి. రసీదు మీద నాలుగు కిలోలు అటూ ఇటూ అయితే అడిగే మనుషులు ఇక్కడ ఉన్నారు.

దీనికి నివారణ సులువు. తరుగు=0 అని కాకుండా, డెఫ్ తూకం(*బస్తాలు, తరుగు) అని డిఫాల్ట్ తీసేయండి. చాలామందికి ఇట్లా రాయొచ్చని తెలియదు. స్టార్ తర్వాత డిఫాల్ట్ లేని పారామీటర్ పెట్టొచ్చు. అప్పుడు పేరు పెట్టి తరుగు చెప్పనివాణ్ని పైథాన్ ముందుకు పోనివ్వదు. డబ్బు, బరువు, తేదీ ఉన్నచోట నేను ఎప్పుడూ ఇట్లాగే రాస్తాను.

రెండు స్టార్ల సంగతికి వద్దాం. డెఫ్ రసీదు(రైతు, **వివరాలు). పేరుతో వచ్చినవన్నీ వివరాలు అనే డిక్షనరీలో, అంటే పేరు పక్కన విలువ రాసిపెట్టుకునే పట్టీలో పడతాయి. రసీదు("యాదయ్య", ఊరు="చిట్యాల", రకం="సన్నాలు") అని ఎన్నైనా ఇవ్వొచ్చు. 2016లో వచ్చిన 3.6 నుంచి మీరు ఇచ్చిన వరుస కూడా అట్లాగే నిలుస్తుంది. సౌకర్యమే. కానీ లోపల వివరాలు.గెట్("తరుగు", 0) అని రాసి, బయట ఎవరో తొందరలో తరుగ=2 అని కొట్టారనుకోండి. కొమ్ము ఒక్కటి పోయింది. రెండు స్టార్లు దాన్ని కిక్కురుమనకుండా మింగేస్తాయి. డిక్షనరీలో తరుగ అనే కొత్త పేరు చేరుతుంది, తరుగు మాత్రం సున్నా. అదే ఇందాకటి తూకంలో తరుగ=2 అని కొడితే, ఆ పేరుతో ఏమీ లేదని వెంటనే ఆగిపోతుంది. 3.13 అయితే మీరు అనుకున్నది ఇదేనా అని సరైన పేరు కూడా సూచించగలదు. పేర్లు ముందే తెలిసినప్పుడు రెండు స్టార్లు వాడటం బద్ధకం. ఆ మాట గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే పెద్ద పెద్ద లైబ్రరీల్లో కూడా హెల్ప్ తెరిస్తే క్వార్గ్స్ అని ఒక్క ముక్క ఉంటుంది, లోపల ఏమేం ఇవ్వొచ్చో తెలుసుకోవడానికి సోర్స్ కోడ్ తవ్వుకోవాల్సి వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాడికి అది పెద్ద టెన్షన్.

చరిత్ర ఒక్క ముక్కలో. పిలిచేచోట స్టార్ పెట్టడం పైథాన్‌లోకి 2000లో వచ్చింది. అంతకుముందు ఆ పనికి అప్లై అనే ఫంక్షన్ ఉండేది, 3.0లో దాన్ని తీసేశారు. 2015లో 3.5 నుంచి తూకం(*బండి1, *బండి2) అని ఒకే పిలుపులో ఎన్ని స్టార్లైనా పెట్టొచ్చు. డెఫ్ వైపు మాత్రం ఇప్పటికీ పోగేసే స్టార్ ఒక్కటే. రెండు పెడితే ఏ అంకె ఎందులో పడాలో ఎవరు తేలుస్తారు?

ఇప్పుడు మీ ఫోన్లోనైనా సరే ఇది కొట్టి చూడండి: ప్రింట్(*"నల్గొండ"). స్టార్ లిస్టునే కాదు, ఒక్కొక్కటిగా ఇవ్వగలిగే దేన్నైనా విడదీస్తుంది. స్ట్రింగ్ కూడా అందులోదే. మన కంటికి నల్గొండలో ఎన్ని అక్షరాలు? న, ల్గొం, డ. మూడు. పైథాన్ ఎన్ని ఇస్తుంది? ఏడు. న, ల, పొల్లు, గ, ఒత్వం, సున్న, డ. యూనికోడ్‌లో పొల్లుకు, గుణింతపు గుర్తులకు విడిగా చోటుంది, స్టార్ విడదీసేది వాటినే. తెర మీద పొల్లు ఒక్కటే ఒక చుక్కల వలయం మీద వేలాడుతూ కనపడొచ్చు. తెలుగు మాటల మీద ప్రోగ్రాములు రాయాలనుకునేవాళ్లు ఇది బాగా గుర్తు పెట్టుకోండి. అక్షరాలు లెక్కపెట్టే పని స్టార్‌తో గానీ, పొడవు చెప్పే లెన్‌తో గానీ కాదు.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థి: "సార్, డెకరేటర్లలో డెఫ్ వైపు, పిలిచే వైపు రెండు చోట్లా స్టార్ ఆర్గ్స్, స్టార్ స్టార్ క్వార్గ్స్ ఉంటాయి కదా. అక్కడ ఏ వైపు అని చెప్పాలి?")

మంచి ప్రశ్న తమ్ముడూ. డెకరేటర్ అంటే ఒక ఫంక్షన్ చుట్టూ ఇంకో ఫంక్షన్‌ను పొరలాగా కప్పేది. దాని లోపలి ఫంక్షన్‌ను తీసుకుందాం. డెఫ్ పైపొర(*ఆ, **క) అని ఉంటుంది, దాని కింద రిటర్న్ అసలు(*ఆ, **క) అని ఉంటుంది. పై లైన్ పోగేస్తుంది, కింది లైన్ విడదీస్తుంది. నువ్వు తూకం(40, 41, తరుగు=2) అని పిలిస్తే, పై లైన్ దగ్గర ఆ అంటే (40, 41), క అంటే తరుగు ఉన్న డిక్షనరీ. కింది లైన్ దగ్గర మళ్లీ అవి 40, 41, తరుగు=2 అయిపోయి అసలు ఫంక్షన్‌కు చేరతాయి. కింది లైన్లో స్టార్లు మర్చిపోతే అసలు ఫంక్షన్‌కు ఒక టపుల్, ఒక డిక్షనరీ వెళ్తాయి. ఎవరికైనా వివరించేటప్పుడు "స్టార్ ఆర్గ్స్ రాయాలి" అనకు. "పైన పోగేసుకుని, కింద విడదీసి పంపాలి" అని చెప్పు.

(ఒక విద్యార్థిని: "సార్, ఫంక్షన్ లోపల వివరాలు డిక్షనరీని మారిస్తే, బయట మనం ఇచ్చిన డిక్షనరీ కూడా మారిపోతుందా?")

మారదమ్మా. రెండు స్టార్లతో ఇచ్చినప్పుడు ప్రతి పిలుపుకూ కొత్త డిక్షనరీ తయారవుతుంది. కానీ దాని లోపల ఒక లిస్టు ఉండి, ఆ లిస్టుకే ఏదైనా కలిపావనుకో, అది బయట కూడా కనిపిస్తుంది. పై డిక్షనరీ కొత్తది, లోపలి వస్తువులు పాతవే.

(మరో విద్యార్థి: "ఇంటర్వ్యూలో ఆర్గ్స్‌కూ క్వార్గ్స్‌కూ తేడా అడిగితే ఏం చెప్పాలి సార్?")

పేర్లు పక్కన పెట్టి ముందు వైపు చెప్పండి. "డెఫినిషన్‌లో ఒక స్టార్ మిగిలిన పొజిషనల్ ఆర్గ్యుమెంట్లను టపుల్‌గా పోగేస్తుంది, రెండు స్టార్లు మిగిలిన కీవర్డ్ ఆర్గ్యుమెంట్లను డిక్షనరీగా పోగేస్తాయి, పిలిచేచోట ఇవే గుర్తులు తిరగబడి పనిచేస్తాయి" అనండి. మిగిలిన అనే మాట తప్పకుండా ఉండాలి. ముందున్న మామూలు పారామీటర్లకు పోగా మిగిలినవే స్టార్‌కు దక్కుతాయి. తర్వాత ఒక ఉదాహరణ అడిగితే ప్రింట్ చూపించండి. రోజూ వాడేదే. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడే హెల్ప్(ప్రింట్) కొట్టండి. 3.11 గానీ ఆ పైది గానీ ఉన్నవాళ్లకు మొదట స్టార్ ఆర్గ్స్, ఆ తర్వాత సెప్, ఎండ్, ఫైల్, ఫ్లష్ కనిపిస్తాయి. వెబ్‌లో ఉన్న అధికారిక పేజీలో అదే చోట స్టార్ ఆబ్జెక్ట్స్ అని ఉంటుంది. ఇప్పుడు ప్రింట్(40, 41, "-") అని ఒకసారి, ప్రింట్(40, 41, సెప్="-") అని ఒకసారి కొట్టి, రెండింటికీ ఏం వచ్చిందో పక్కనున్నవాళ్లకు చూపించండి. సెప్‌ను ఇంగ్లిష్‌లోనే కొట్టాలి, మర్చిపోకండి.